కేబుల్ నెట్ కనెక్షన్ హాల్లోంచి వెనక గదికి: షిఫ్టింగ్ పని ఎలా చేశారంటే

మా కేబుల్ ఇంటర్నెట్ కనెక్షన్‌ను హాల్లోంచి వెనక గదిలోకి మార్పించి కొన్ని నెలలైంది. రివ్యూ వెంటనే రాయకుండా కావాలనే ఆగాను. వైరు మార్చిన రోజు ఎవరింట్లో అయినా నెట్ బాగానే వస్తుంది. వానలు పడ్డాక, సాయంత్రం వీధిలో అందరూ ఒకేసారి నెట్ వాడే వేళల్లో కూడా నిలబడుతుందా లేదా అన్నది చూసుకునే రాయాలనుకున్నాను. నిలబడింది. ఇంటికొచ్చి పనిచేసిన టెక్నీషియన్‌కు ఐదుకు ఐదు ఇస్తాను. ఆయన్ను పంపిన కంపెనీ ఫోన్ సర్వీసుకు రెండు కంటే ఎక్కువ ఇవ్వలేను. ఈ రెండింటినీ కలిపి మూడున్నర అని ఒక్క మార్కు వేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే, అందుకే విడివిడిగా రాస్తున్నాను.

నేను ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో లెక్కల క్లాసులు చెబుతాను. నా కంప్యూటర్, పెన్ టాబ్లెట్, యూపీఎస్ అన్నీ వెనక గదిలో ఉన్నాయి. మోడెం మాత్రం హాల్లో టీవీ కింద, తలుపులున్న చెక్క అరలో ఉండేది. ఆ అరలో గాలి ఆడదు, ముట్టుకుంటే మోడెం కాలిపోతున్నట్టు ఉండేది. మధ్యలో రెండు గోడలు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది కానీ ఇరుగుపొరుగు వైఫైలన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. మధ్యలో రిపీటర్ పెట్టి చూశాం. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో అందుకుని, అదే రేడియోతో మళ్లీ పంపుతుంది కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. నేను బోర్డు మీద గీసిన గీత పిల్లల తెర మీదికి ఆలస్యంగా వెళ్లేది, మాట ముందు వెళ్లేది. రేఖాగణితం చెప్పేటప్పుడు అది ఎంత ఇబ్బందో చెప్పేవాళ్లకే తెలుస్తుంది.

"మోడెం హాల్లోనే ఉంచి, గదిలోకి ఒక ల్యాన్ వైరు లాక్కుంటే సరిపోయేదిగా" అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ల్యాన్ వైరు 100 మీటర్ల వరకు వేగం తగ్గకుండా పనిచేస్తుంది, కంప్యూటర్ ఒక్కదానికే కావాలంటే అదే తేలిక. నాకు కావలసింది వేరు. కరెంటు పోతే కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంది, హాల్లో మోడెంకు లేదు. క్లాసు మధ్యలో కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ వెలుగుతూనే ఉండేది, నెట్ మాత్రం పోయేది. మోడెం కూడా అదే యూపీఎస్ కిందికి రావాలి, ఆ ఉక్కపోత అరలోంచి బయటపడాలి. అందుకే కనెక్షన్ పాయింటునే మార్పించాం.

ముందు ఫోన్ సంగతి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మొదట మాట్లాడిన అమ్మాయి, "మేడం, మోడెం తీసి ఆ గదిలో పాయింటుకు పెట్టుకోండి, అంతే" అంది. ఆ గదిలో గోడకు పాయింటు ఉన్న మాట నిజమే. ఎప్పుడో టీవీ కోసం వేసింది. మోడెం పెట్టి చూస్తే లైట్లు మెరుస్తూనే ఉన్నాయి తప్ప ఆన్‌లైన్ లైటు నిలబడలేదు. మళ్లీ చేస్తే వేరే అబ్బాయి ఎత్తి, గది మారితే కొత్త కనెక్షన్ కింద రిజిస్టర్ చేయాలన్నాడు. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. మొదటిది సగం నిజం, రెండోది అసలు నిజం కాదు. కేబుల్ మోడెంను కంపెనీ దాని మ్యాక్ అడ్రస్, అంటే ఒక్కో పరికరానికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, బట్టి గుర్తుపడుతుంది. అదే ఇంట్లో, అదే లైనుకు కలిసి ఉన్న ఏ పాయింటుకు పెట్టినా పనిచేస్తుంది. గోడ మీద పాయింటు ఉన్నంత మాత్రాన దాని వెనక వైరు లైనుకు కలిసి ఉందని అనుకోలేం. మా గది వైరు, లైను ఇంటికి వచ్చే చోట ఉన్న బయట డబ్బాలో దేనికీ కలపకుండా వదిలేసి ఉంది. ఈ ఒక్క మాట, "ఆ పాయింటులో ఇంతకుముందు సిగ్నల్ వచ్చేదా?" అని ఫోన్‌లో అడిగి ఉంటే నాకు అంత తిరుగుడు ఉండేది కాదు.

చివరికి రిక్వెస్ట్ రాసుకున్నారు. ఛార్జీ ఎంతో ముందే చెప్పారు, తర్వాత పైసా ఎక్కువ అడగలేదు, ఆ విషయం మాత్రం ఒప్పుకోవాలి. టైము అడిగితే పొద్దున్నుంచి సాయంత్రం లోపు ఎప్పుడైనా అన్నారు. ఇంట్లో పనిచేసుకునేవాళ్లకు అది ఒక రోజంతా కట్టిపడేయడమే. ఆ రోజు మనిషి ఇంకా రాకముందే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ పని పూర్తయింది, సర్వీసుకు రేటింగ్ ఇవ్వండి అని. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. పని అయిపోయినట్టు రాసేసుకుంటే ఇక మనిషిని పంపరేమో అని మళ్లీ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. టెక్నీషియన్ వచ్చాక ఆయన్నే అడిగితే, గడువు దాటకుండా ఆఫీసులో ముందే మూసేస్తారండీ అన్నారు. ఇది చిన్న విషయం కాదు. పని కాకుండానే అయినట్టు రాసుకునే ఆఫీసుకు, పని ఎక్కడ సరిగా జరగలేదో ఎప్పటికీ తెలియదు.

ఇక ఇంటికొచ్చిన ఆయన. నడివయసు మనిషి, మాటలు తక్కువ. బ్యాగు దించకముందే, "బయట డబ్బా ఎక్కడుందండీ?" అని అడిగారు. లోపల గది చూపిద్దామని లేచిన నేను ఆయన వెనకే బయటికి నడిచాను. డబ్బా తెరిస్తే నాలుగు దారుల స్ప్లిటర్, అంటే ఒక లైనును నాలుగుగా పంచేది, ఒకటి ఉంది. అందులో ఒకదానికి హాల్లో మోడెం, ఒకదానికి మామయ్యగారు చూసే టీవీ బాక్సు కలిసి ఉన్నాయి. మిగతా రెండూ మూతలు లేకుండా ఖాళీగా ఉన్నాయి. ఆయన దాన్ని చూడగానే తల ఊపి, ముందు హాల్లోకే వెళ్లి మోడెం వైరు తీసి సిగ్నల్ కొలిచే మీటరుకు పెట్టారు. వచ్చిన అంకెలు ఒక కాగితం మీద రాసుకున్నారు. "మార్చకముందు ఎంత ఉందో తెలియకపోతే, మార్చాక బాగుందని ఎలా చెబుతానండీ?" అన్నారు. ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

ఆ అంకెలు ఏమిటో నాకు ఓపిగ్గా చెప్పారు. లెక్కల మనిషిని కాబట్టి నేనూ వదల్లేదు. మోడెంకు వచ్చే సిగ్నల్ బలం (డీబీఎంవీ అనే కొలతలో) హాల్లో సున్నాకు కాస్త పైన, +1 దగ్గర ఉంది. మైనస్ 7 నుంచి ప్లస్ 7 లోపు ఉంటే మంచిదని ఆయన లెక్క. సిగ్నల్‌కూ రొదకూ మధ్య తేడా, అంటే ఎస్ఎన్ఆర్, 38 డీబీ (డెసిబెల్, సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత). అది 33కు పైన ఉంటే నిశ్చింత. మూడోది మోడెం తిరిగి పైకి, అంటే కంపెనీ వైపు, పంపే బలం, 45. ఈ మూడోదాన్ని మామూలుగా ఎవరూ పట్టించుకోరు, నాలాంటివాళ్లకు అసలు ముఖ్యమైంది అదే. దారిలో సిగ్నల్ ఎక్కువ పోతుంటే, దూరంగా ఉన్నవాళ్లకు వినపడాలని మనం గొంతు పెంచినట్టు, మోడెం కూడా తన బలం పెంచుకుంటూ పోతుంది. 50 దాటిందంటే ఇక పెంచడానికి పెద్దగా మిగలదు. అప్పుడు డౌన్‌లోడ్ బాగానే ఉంటుంది, మనం పంపే వీడియో మాత్రం తెగిపోతుంది. క్లాసు చెప్పేవాళ్లకు, ఇంటి నుంచి మీటింగుల్లో మాట్లాడేవాళ్లకు అక్కడే దెబ్బ.

ఆ తర్వాత గదిలో పాత వైరును బయట స్ప్లిటర్‌కు కలిపారు. మోడెం తెచ్చి గదిలో పెట్టారు. లైట్లన్నీ ఒక్కొక్కటిగా వెలిగాయి. నెట్ వచ్చేసింది. నా ల్యాప్‌టాప్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే మా ప్లాను వేగం దాదాపు పూర్తిగా చూపించింది. నేను సంతోషపడి, అయిపోయిందనుకుని మంచినీళ్లు తేవడానికి లేచాను. ఆయన మాత్రం మీటరు చూస్తూ అలాగే కూర్చున్నారు. "ఇది వద్దండీ" అన్నారు. వచ్చే బలం మైనస్ 12కు పడింది. ఎస్ఎన్ఆర్ 31కి దిగింది. పైకి పంపేది 50 దాటింది. "ఇవాళ పనిచేస్తుంది. వాన పడ్డ రోజు మళ్లీ మాకే ఫోన్ చేస్తారు" అన్నారు.

అక్కడ ఆయన వెళ్లిపోయి ఉంటే నేను అడిగేదాన్ని కాదు. నెట్ వచ్చింది, స్పీడ్ చూపించింది, సంతకం పెట్టేదాన్ని. మరో గంట పని నెత్తిన వేసుకోవలసిన అవసరం ఆయనకు లేదు, ఆఫీసు లెక్కలో ఆ పని ఎప్పుడో అయిపోయింది కూడా. అయినా పాత వైరు చివర కత్తిరించి నాకు చూపించారు. సన్నని పాత రకం, ఆర్‌జీ-59. పాత టీవీ రోజుల్లో వాడేవారట. నెట్ వాడే ఎత్తు ఫ్రీక్వెన్సీల దగ్గర అందులో నష్టం ఎక్కువ. పైగా చివర తిప్పి బిగించే రకం కనెక్టరు వేసి ఉంది. లోపల రాగి పచ్చబడి ఉంది, చుట్టూ ఉండే అల్లిక తీగలు తుప్పుపట్టి పొడిలా రాలాయి. ఆ అల్లికే బయటి రొదను లోపలికి రానీయకుండా ఆపేది. అది పోయిందంటే వైరు ఏంటెన్నాలా చుట్టుపక్కల రేడియో తరంగాలన్నీ పట్టుకుంటుంది. ఆ రొద మన ఇంట్లోనే ఆగదు, పైకి వెళ్లే దారి వీధిలో అందరిదీ ఒకటే కాబట్టి పక్కవాళ్ల నెట్‌నూ పాడుచేస్తుందని చెప్పారు. మూతలు లేని ఖాళీ స్ప్లిటర్ పోర్టులతో కూడా ఇదే ఇబ్బంది. ఖాళీగా ఉంచాల్సి వస్తే 75 ఓమ్‌ల టెర్మినేటర్ మూత బిగించాలి.

స్ప్లిటర్ లెక్క నాకు బాగా నచ్చింది. నాలుగు దారుల స్ప్లిటర్‌లో ఒక్కో దారికి దాదాపు 7 డీబీ పోతుంది, రెండు దారులదైతే మూడున్నర. 3 డీబీ తగ్గిందంటే శక్తి సగమైనట్టు. మాకు కావలసింది రెండు దారులే, టీవీకి ఒకటి, నెట్‌కు ఒకటి. పాతది తీసేసి రెండు దారులది వేస్తే మూడున్నర డీబీ మిగులుతుంది. కొత్త ఆర్‌జీ-6 వైరులో ఎత్తు ఫ్రీక్వెన్సీల దగ్గర కూడా 100 మీటర్లకు సుమారు 20 డీబీ నష్టం. మా గదికి అదనంగా పట్టేది 18 మీటర్లు. అంటే ఆ పొడవుకు పోయేది, స్ప్లిటర్ మార్చడం వల్ల మిగిలేది దాదాపు సరిసమానం. దూరం పెరిగినా సిగ్నల్ ఉన్నచోటే ఉంటుందని ఆయన పని మొదలుపెట్టకముందే చెప్పారు, చివరికి అలాగే వచ్చింది.

వైరు లాగడం గురించి పెద్దగా చెప్పేది లేదు, చేయవలసినట్టు చేశారు. డబ్బా నుంచి గది దాకా మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా ఒకే వైరు. మూలల దగ్గర మడత పడకుండా గుండ్రంగా తిప్పారు. క్లిప్పులు వైరును నొక్కకుండా పట్టుకునేవి. కరెంటు వైర్లున్న పైపులోంచి లాగేద్దామా అని మావారు అడిగితే ససేమిరా అన్నారు. గోడకు రంధ్రం లోపలి నుంచి బయటికి కొంచెం కిందికి వాలేలా వేశారు, నీళ్లు లోపలికి పాకకుండా. వైరు గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు వదిలారు, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. రంధ్రం చుట్టూ సిలికాన్ పూశారు. కనెక్టర్లు మెషీన్‌తో నొక్కి బిగించే కంప్రెషన్ రకం. చేత్తో తిప్పి వదిలేయకుండా స్పానర్‌తో కొంచెం బిగించారు. డ్రిల్ పెట్టినప్పుడు రాలిన పొడి మాత్రం మేమే ఊడ్చుకున్నాం, కింద గుడ్డ పరిచి ఉంటే బాగుండేది.

మోడెం కొత్త వైరుకు పెట్టాక మళ్లీ అవే మూడు అంకెలు చూశారు. వచ్చే బలం సున్నా దగ్గర, ఎస్ఎన్ఆర్ 38, పైకి పంపేది 45, 46 మధ్య. హాల్లో రాసుకున్న అంకెల పక్కనే ఇవీ రాసి, కాగితం నాకిమ్మంటే ఇచ్చారు. కంపెనీ ఇచ్చే పని రిపోర్టులో ఈ అంకెలకు చోటే లేదు. ఉండాలి. షిఫ్టింగ్ చేయించుకునేవాళ్లు ఎవరైనా ఈ మూడు అంకెలు, ముందువీ తర్వాతవీ, అడిగి రాయించుకోండి. స్పీడ్ టెస్ట్ ఒక్కటి చూసి పంపేయకండి. అది ఆ నిమిషం సంగతే చెబుతుంది. పాత వైరు మీద కూడా మాకు స్పీడ్ బాగానే వచ్చిందని చెప్పానుగా.

మీటరు లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనే చూపించారు. చాలా కేబుల్ మోడెంలలో బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొడితే మోడెం సొంత పేజీ తెరుచుకుంటుంది. అందులో ఒక్కో ఛానల్‌కు బలం, ఎస్ఎన్ఆర్ వరుసగా ఉంటాయి. పక్కనే సరిదిద్దిన తప్పులు, సరిదిద్దలేని తప్పులు అని రెండు లెక్కలు ఉంటాయి. సరిదిద్దినవి కొన్ని ఉంటే భయం లేదు. సరిదిద్దలేనివి గంటగంటకూ పెరుగుతుంటే ఎక్కడో వైరులోనో కనెక్టరులోనో లోపం ఉన్నట్టే. ఆ రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి చూశాను. పెరగలేదు.

దీని విలువ తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం క్లాసులో నెట్ తెగుతూ వస్తూ ఉంది. పేజీ తెరిచి చూస్తే బలం, ఎస్ఎన్ఆర్ కాగితం మీద ఉన్నట్టే ఉన్నాయి, తప్పులు పెరగలేదు. లోపం ఇంట్లో లేదని అర్థమైంది. ఫోన్‌లో ఎప్పటిలాగే మోడెం ఆపి వేయమన్నారు. నేను అంకెలు చదివి వినిపించాను. కాసేపు లైన్లో ఉంచి, మీ ఏరియాలో లోడ్ ఎక్కువైంది, పైవాళ్లకు పంపుతున్నాం అన్నారు. ఇంటికి మనిషిని పంపి, ఉన్న వైరు కదిపి, మంచిగా ఉన్నదాన్ని పాడుచేసే అవసరం రాలేదు.

గది మార్చడం వల్ల ఒక కొత్త ఇబ్బంది వస్తుంది, దాన్ని కంపెనీవాళ్లు ముందే చెప్పాలి. మోడెం ఎటు వెళితే వైఫై అటే వెళుతుంది. నా గదిలో నెట్ బ్రహ్మాండంగా ఉంది, హాల్లో అత్తయ్య ఫోన్‌కు సిగ్నల్ ఒక గీతకు పడిపోయింది. దీనికి టెక్నీషియన్ రెండు దారులు చెప్పారు. ఒకటి, గది నుంచి హాల్లోకి ల్యాన్ వైరు లాగి, అక్కడ పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే పంచేలా, పెట్టుకోవడం. రెండోది, టీవీ వైరునే వాడుకునే మోకా అడాప్టర్లు. గోడలు తవ్వకుండా పని అయిపోతుంది, మోకా 2.5 రకం అయితే వేగం కూడా చాలా ఎక్కువ. కానీ మోకా 1125 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. డాక్సిస్ 3.1 అనే కేబుల్ నెట్ ప్రమాణం మోడెంలు వాడే ఫ్రీక్వెన్సీలు కంపెనీ లైనును బట్టి 1218 దాకా వెళ్లొచ్చు, అప్పుడు రెండూ ఢీకొంటాయి. పైగా మన సిగ్నల్ వీధిలోకి పోకుండా లైను ఇంట్లోకి వచ్చే చోట ఫిల్టర్ పెట్టాలి. మేం ల్యాన్ వైరు దారే ఎంచుకున్నాం. కంపెనీ ఆ పని చేయదు కాబట్టి విడిగా ఎలక్ట్రీషియన్‌తో లాగించాం. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపి, గదిలో ఉన్న వైఫై పేరూ పాస్‌వర్డూ అక్కడా పెడితే అత్తయ్యకు ఏం మారిందో కూడా తెలియలేదు. షిఫ్టింగ్ పెట్టుకునేవాళ్లు ఈ ఖర్చూ శ్రమా ముందే లెక్కలో వేసుకోండి.

మీది కేబుల్ కాకుండా ఫైబర్ అయితే పైన చెప్పిన వైరు లెక్కలు మీకు వర్తించవు. ఫైబర్‌ను ఇంట్లో కత్తిరించి అతికించడం మనవల్ల కాదు, దానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. గట్టిగా మడిస్తే కాంతి బయటికి పోతుంది. కానీ అక్కడ కూడా మార్చకముందు, మార్చాక కాంతి బలం ఎంతో అడగొచ్చు. ఇళ్లకు వచ్చే మామూలు జీపాన్ రకం ఫైబర్ పెట్టెకు అది మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27 అంచున ఉంటే మళ్లీ చూడమనండి.

ఇప్పుడు మా పై గదికి టీవీ పాయింటు కావాలి. మళ్లీ స్ప్లిటర్ తెరవాలి కాబట్టి మా వైర్ల సంగతి తెలిసిన అదే మనిషిని పంపమని అడిగాను. టెక్నీషియన్‌ను ఎంచుకునే వీలు లేదని ఫోన్‌లో చెప్పారు. కనీసం నా పేరు మీద ఉన్న రికార్డులో ఆ మూడు అంకెలైనా రాసుకోండి, వచ్చే ఆయన చూసుకుంటారు అన్నాను. దానికీ చోటు లేదన్నారు. ఇది లిఖితపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను, ఆ కాగితం ఫోటో కూడా జత చేశాను.